అత్తయ్య ఫోటోకి నేను చేసిన సింగారం

బతికున్న మనిషిని బ్రష్షుతో చంపినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నేను చంపాను. అదీ సొంత మేనమామని, ఆయన షష్టిపూర్తి నాడు, చుట్టాలందరి ముందూ.

లోకమంతా సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంటుంటే నాకు చీకటిగదిలో ఫోటోలు కడిగే పిచ్చి పట్టింది. కలకత్తా పక్కన హౌరాలో, టికియాపారా పేటలోని మావయ్య ఇంటి స్నానాలగదే నా చీకటిగది. ఆదివారం నేను లోపల గడియ పెట్టుకుంటే, బయట మావయ్య తువ్వాలు కట్టుకుని గంతులు వేసేవాడు. చివరికి ఒక షరతు పెట్టాడు.

"మా పెళ్ళి ఫోటో పెద్దది సేసి షష్టిపూర్తికి పట్రా. బాగుంటే ఆదివారం గది నీది. నేదంటే నీ మందులు, బకెట్లు ఈదిలోకి ఇసిరీస్తాను."

పాత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ నిండా దుమ్ము, గీతలు. నాకు పని నేర్పిన హౌరా స్టూడియో బెంగాలీ పెద్దాయన, మేమంతా దాదా అని పిలిచే ఆయన సూత్రం ఒకటే: ప్రింటు మీద తెల్లచుక్క ఉంటే సన్న బ్రష్షుతో రంగు అద్దు, నల్లచుక్క ఉంటే బ్లేడుతో మెల్లగా గీకు. ముందు మనిషి ముఖం చూడమని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. భూతద్దం కంటికి ఆనించి మొదలెట్టాను. ముక్కుకి రెండు పక్కలా మెరిసే చుక్కలు! అద్దేశాను. మెడ చుట్టూ వరసగా నల్లచుక్కలు! గీకేశాను. నుదుటి నడుమ గుండ్రటి మచ్చ మిగిలింది. దాన్ని వదిలించేసరికి తాతలు దిగొచ్చారు. నా ఓపికకి నేనే మురిసిపోయాను.

పీటల మీద మావయ్య మళ్ళీ తాళి కట్టబోతుండగా, ఫోటో మీద గుడ్డ తీశాను. సన్నాయి ఆగిపోయింది.

"ఏట్రా ఇది? మీ అత్త ముక్కుపుడకలేవి? నల్లపూసలేవి? బొట్టేదిరా?"

"దుమ్మనుకున్నాను మావయ్యా..."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను దుమ్ముకి మందేస్తే మావయ్యే ఊడిపోయాడు.

"నాను బతికుండగానే దాన్ని ఇదవని సేసీసినావు గదరా! మరి ఫోటోలో పక్కన నిలబడినోడు ఎవుడు? నా దెయ్యమేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. అత్తయ్య మాత్రం ఫోటోని తీరిగ్గా, పై నుంచి కింద దాకా చూసింది.

"దెయ్యమే నయం. గంటకోపాలి టీ అడగదు, టీవీ రిమోటు లాక్కోదు. గది నీదేరా అల్లుడా!"

ఆ హోమం సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ ఇల్లాలి ఫోటోలో చుక్క ముట్టుకోవాలన్నా, ముందు ఆవిడ మొగుడు క్షేమమేనా అని కనుక్కుని మరీ ముట్టుకుంటాను.