గద్వాలలో నా ఫ్రెంచి పాండిత్యం

ఈ భూమ్మీద నాకు రాని భాషలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఫ్రెంచిని ప్రత్యేకంగా ఏరి తెచ్చి, పట్టపగలు, పత్తి షెడ్డు నిండా కూర్చున్న జనం ముందు ఖూనీ చేసిన ఘనత నాది. సాక్షులకేం కొదవ లేదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి, నవ్వేయండి. నాకు ఏనాడో అలవాటైపోయింది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. వనపర్తి నుంచి కృష్ణ దాటి గద్వాల బడికి ఇంగ్లీషు పంతులుగా వచ్చి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో బడి బయట నేను మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. "రెండు రొట్టెలు." "చాలు." "వాన వచ్చేటట్టుంది." అంతే. తోటి పంతుళ్ళందరూ ఊరివాళ్ళు. గంట కొట్టగానే కట్టు తెంచుకున్న దూడల్లా ఇళ్ళకు పోయేవారు. నేను నా గదికి వెళ్ళి, తాళం తీసి, "వచ్చావా?" అని నేనే అడిగి, "వచ్చాను" అని నేనే చెప్పుకునేవాణ్ణి. ఇంతవరకు నయమే. ఒకసారి "ఇంత ఆలస్యమైందేం?" అని అడిగి, జవాబు చెప్పడానికి నాకే ఒళ్ళు మండి, ఆ సాయంత్రమంతా నాతో నేను మాట్లాడలేదు.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాలవాడి దగ్గర ఒక ఫ్రెంచి వ్యాకరణం దొరికింది. పదకొండో పాఠం దాకా నేను చదివాను. పన్నెండో పాఠం నుంచి చెదపురుగులు చదివాయి. ఆ పుస్తకం వల్ల నాకు అబ్బినవి మూడు: నలభై మాటలు, మాట చివర హల్లు కనబడితే మింగేయాలన్న సూత్రం, మోయలేనంత గర్వం. ఒకనాడు పంతుళ్ళ గదిలో ఎవరూ నా వైపు చూడడం లేదని ఉక్రోషమొచ్చి, "నాకు ఫ్రెంచి వచ్చు" అని గట్టిగా అన్నాను. తెలుగు పండితుడు తలెత్తి, "గట్లనా?" అని మళ్ళీ తల దించుకున్నాడు. ఆ మాట అక్కడితో చచ్చిపోయిందనుకున్నాను. చావలేదు. ఊరంతా తిరిగి, ఒక శనివారం సాయంత్రం ఘౌస్ సాబ్‌ను వెంటబెట్టుకుని నా గది ముందుకే వచ్చింది.

ఘౌస్ సాబ్‌ది రాయచూరు. ఊరూరా తిరిగి సినిమా చూపిస్తాడు. అప్పటికే పట్నాలలో మాట్లాడే బొమ్మలు వచ్చేశాయి. అక్కడ పనికిరాని మూగబొమ్మలు మా వంటి ఊళ్ళకు వచ్చేవి. బొమ్మ మూగది కాబట్టి తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి.

"మాష్టర్ సాబ్, చానా పరేషాన్‌ల ఉన్న," అన్నాడు ఘౌస్ సాబ్. "ఇంగ్లీషు బొమ్మ అడిగితే డబ్బాల ఇది పెట్టి పంపిండ్రు. ఫరాన్సీసీదంట. మా కథ చెప్పెటోడేమో నాటకపోళ్ళతోని కలిసి బళ్ళారి పోయిండు. రేపు సంత. అయిజ దాంక డప్పు కొట్టిపిచ్చిన. మీకు ఆ జబాన్ వస్తదని బడిల చెప్పిండ్రు. జర మీరే నిలబడి చెప్పున్రి."

తెలివైనవాడైతే "ముందు నాకొకసారి బొమ్మ చూపించండి" అనేవాడు. నేనడిగింది వేరు.

"ఎంతమంది వస్తారు?"

"షెడ్డు నిండ వస్తరు."

"నేను చెప్పేది అందరూ వింటారా?"

"వినక ఏంజేస్తరు సాబ్? బొమ్మ మాట్లాడదు గద!"

అంతే, ఒప్పేసుకున్నాను. ఆ మాటకు ఒక్క సినిమా ఏం ఖర్మ, కాశీఖండం ఫ్రెంచిలో చెప్పమన్నా ఒప్పుకునేవాణ్ణే.

మర్నాడు మధ్యాహ్నం పత్తి షెడ్డు తలుపులన్నీ మూసి, సందుల్లో గోనెలు కుక్కి చీకటి చేశారు. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేత్తో బెత్తం పట్టుకుని, తెర పక్కన స్టూలెక్కాను. వెనక మహబూబ్ అనే ఆయన యంత్రం పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

మొదట అక్షరాలు వచ్చాయి. మూడు వరుసలు. ప్రతి వరుసలో ఎడమవైపు ఒక మాట, కుడివైపు ఒక మనిషి పేరు. నా బుర్ర చురుగ్గా పనిచేసింది, అదే కొంప ముంచింది. నాటకం కరపత్రంలో ఎడమవైపు పాత్ర పేరు, కుడివైపు వేషం వేసేవాడి పేరు ఉంటాయి కదా! ఇదీ అంతే అనుకున్నాను. మింగవలసిన హల్లులు మింగి, ఎడమవైపు మాటలు గట్టిగా చదివాను: మీజాన్‌సేన్. ఒపేరాతర్. దేకోర్.

తెరమీద ఒక రాతి ఇల్లు. అందులో గడ్డం పెద్దమనిషి, ఒక యువతి. కాసేపటికి టోపీ పెట్టుకుని, భుజాన తోలుసంచీతో సైకిలెక్కి వచ్చిన ఒక మనిషి. ముగ్గురు మనుషులు, మూడు పేర్లు! దేవుడే సర్ది పంపాడనుకున్నాను.

"ఈ గడ్డం ఆయన పేరు మీజాన్‌సేన్!" అని అరిచాను. "పరమ దుర్మార్గుడు! ఈ పిల్ల దేకోర్. ఈ పిల్లను ఎత్తుకొచ్చి బంధించాడు! సైకిలు మీద వస్తున్న ఈ వీరుడే మన హీరో, ఒపేరాతర్!"

యంత్రం ఠక్కున ఆగింది.

"పిలిచిండ్రా సాబ్?" అన్నాడు వెనకనుంచి మహబూబ్.

యంత్రం తిప్పేవాణ్ణి ఆపరేటర్ అంటారని నాకు తెలియని మాట కాదు. కానీ నిండు సభలో వెనక్కి తగ్గుతానా? "మిమ్మల్ని కాదు, హీరోను!" అన్నాను. షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వు వినగానే నా కడుపు నిండింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి ఇంతమంది నా మాట విని ఏదో ఒకటి చేశారు.

ముందు వరుసలో ఒకాయన లేచాడు. "హీరో అంటున్నవు, పోస్టుమాను తీరుగున్నడు గద సారూ?"

"మారువేషం!"

"ఆహా!" అన్నారు జనం.

తెరమీద గడ్డం ఆయన బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టాడు. "ఉన్నది ఇద్దరే గద. మూడో పల్లెం ఎవరికి సారూ?" అని మరొకాయన ప్రశ్న.

"అది... కుక్కకు."

"కుక్క యాడుంది?"

"బయటికి పోయింది."

ఇలా సాగింది నా పాండిత్యం. టోపీ మనిషి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. ఆ పిల్ల గేటు దాకా పరుగెత్తేది. అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. "ఇవాళ కాదు, రేపు లేచిపోదాం అంటున్నాడు," అని చెప్పాను. నాలుగోసారి అతను రాగానే ఉత్సాహం ఆపుకోలేక, "ఒపేరాతర్!" అని కేక పెట్టాను. మహబూబ్ మళ్ళీ ఆపాడు. ఈసారి దీపం వేడికి బొమ్మ కమిలి, హీరో మొహం మీద ఒక బొబ్బ లేచి, నల్లబడి పొగ వచ్చింది.

"విరహాగ్ని!" అన్నాను నేను.

ఈలలు! చప్పట్లు! ఘౌస్ సాబ్ పరుగెత్తుకొచ్చి, కాలిన ముక్క కత్తిరించి అతికించేదాకా జనం ఆగకుండా చప్పట్లు కొట్టారు. నా బతుకులో అంత సంతోషం అంతకుముందెప్పుడూ లేదు.

చివరికి ఒకరోజు టోపీ మనిషి సంచీలోంచి ఉత్తరం తీశాడు. తెర నిండా ఆ ఉత్తరం. అందులో తెలిసిన మాట ఒక్కటే కనబడింది, అదీ సగమే. అది "మోర్". ప్రేమను ఫ్రెంచిలో "అమూర్" అంటారని రెండో పాఠంలో చదివాను. మొదటి అక్షరం దీపం వేడికి ఎగిరిపోయిందనుకున్నాను.

"ప్రేమ! ప్రేమలేఖ!" అని అరిచాను. ఆ పిల్ల కుప్పకూలింది. "సంతోషంతో మూర్ఛపోయింది!" గడ్డం ఆయన ఉత్తరం అందుకుని, ఆమె తలమీద చెయ్యి వేశాడు. "చూడండి దుర్మార్గుణ్ణి! ఉత్తరం లాక్కున్నాడు!" మగవాళ్ళ వైపు నుంచి ఒక చెప్పు గిరగిరా తిరుగుతూ వచ్చి గడ్డం ఆయన ముక్కుమీద పడింది. ఆఖరి బొమ్మలో ఆయన బల్ల మీద రెండే పళ్ళేలు పెట్టాడు. "పాపం, కుక్క చచ్చిపోయింది," అని ముగించాను. ఆ కథలో నేను ఒప్పుకున్న చావు అదొక్కటే.

తలుపులు తెరిచారు. వెలుగులో అందరి మొహాలూ నవ్వుతున్నాయి. ఒక్క మనిషి తప్ప. ఆడవాళ్ళ వైపు గోడవారగా ఒక అమ్మాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇంత బాగా చెప్పినా ఈమెకు అర్థం కాలేదే అని నాకు చిరాకేసింది. చూశారా నా పొగరు!

బయట బండ్ల దగ్గర ఒక ముసలి రైతు నన్ను ఆపాడు. ఆయన పక్కన ఆ అమ్మాయే.

"సారూ, జర ఆగు. నాది అయిజ దిక్కు, తిమ్మప్ప అంటరు. ఈమె నా కోడలు సుంకమ్మ. చిన్నప్పుడు జరమొచ్చి చెవులు పోయినయ్. ఏం వినపడదు. నా కొడుకు మన్ను పనికి బొంబాయి దిక్కు పోయి రెండేండ్లాయె. జాబు లేదు, జవాబు లేదు. నువ్వేమో బొమ్మల ప్రేమ జాబొచ్చిందంటివి. అంత మంచిగనే అయింది, ఏడ్వకని సైగ చేస్తే, ఈమె కాదంటది. నువ్వే చెప్పు, ఆ జాబుల ఏముండె?"

సుంకమ్మ నా వైపు తిరిగింది. సైకిలు తొక్కినట్టు చేసింది. భుజాన సంచీ చూపింది. మూడు వేళ్ళు ఎత్తి, ఒకదాన్ని మెల్లగా మడిచింది. మామ వైపు చెయ్యి చూపి, గడ్డం నిమిరినట్టు చేసి, తన తలమీద తానే అరచెయ్యి పెట్టుకుంది.

నా పదకొండు పాఠాలూ అప్పుడు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. "మోర్". తొమ్మిదో పాఠం. చావు. అక్షరమేదీ ఎగిరిపోలేదు. ఆ గడ్డం ఆయన మామ. ఆ పిల్ల కోడలు. మూడో పళ్ళెం యుద్ధానికో మరెక్కడికో పోయిన కొడుకుది. టోపీ మనిషి అచ్చంగా పోస్టుమాను. షెడ్డంతటిలో కథ తెలిసింది ఒక్క సుంకమ్మకే, ఎందుకంటే నా మాట వినబడనిది ఆమెకొక్కదానికే.

"ఆమె చెప్పిందే నిజం, పెద్దాయనా," అన్నాను. "కొడుకు చనిపోయాడని ఉత్తరం. ఆ గడ్డం ఆయన కొడుకును పోగొట్టుకున్న తండ్రి."

తిమ్మప్ప తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు.

"చెప్పు ఇసిరింది నేనే సారూ."

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. "నాకు ఫ్రెంచి రాదు," అన్నాను.

"మరి కుక్క?"

"కుక్క లేదు."

"రాకపోతే గంతసేపు ఎట్ల మాట్లాడినవు సారూ?"

ఏదో ఒక అబద్ధం వస్తుందని చూశాను. రాలేదు. "ఏడు నెలలైంది, నాతో ఎవరూ మాట్లాడక."

ఆయన నన్ను తేరిపార చూశాడు. కోడలి వైపు తిరిగి, నన్ను చూపించి, వేళ్ళతో నోరు గబగబా ఆడినట్టు చేసి, చివరికి ఒక్క వేలెత్తి అలాగే పట్టుకున్నాడు. ఒక్కడే అని. సుంకమ్మ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. కానీ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే బండిలోంచి మూట తీసి, జొన్నరొట్టె మీద పల్లీల చట్నీ పెట్టి నా చేతికిచ్చింది. బండి చక్రానికి ఆనుకుని ముగ్గురం తిన్నాం. ఎవరం ఏమీ మాట్లాడలేదు. గద్వాలలో అంతకుముందు నేనంత తృప్తిగా తిన్నది లేదు.

తిన్నాక తిమ్మప్ప అడిగాడు. "బొంబాయికి పోస్టుకారట్ రాస్తవా సారూ? వాని మేస్త్రి పేరు నాకు ఎర్కనే. ఇన్నాళ్ళు రాయించనిది ఎందుకంటే, ఏమొస్తదో అని భయం." సాయంత్రం లోపల రాసి పోస్టు చేశాను, తెలుగులో.

తర్వాత ఒక నిఘంటువు సంపాదించి నా ముగ్గురు పాత్రలనూ వెతికాను. మీజాన్‌సేన్ అంటే బొమ్మను నడిపించినవాడి పని. ఒపేరాతర్ అంటే కెమెరా పెట్టె పిడి తిప్పి బొమ్మ తీసినవాడు. దేకోర్ అంటే ఆ ఇల్లు, ఆ బల్ల, ఆ గేటు అమర్చడం. తెరమీద ఎక్కడా కనబడకుండా నిలబడి, ఆ దుఃఖాన్నంతా పోగుచేసిన మనుషులు వాళ్ళు. మాట లేకుండానే అది సముద్రాలు దాటి వచ్చి సుంకమ్మకు అందింది. మధ్యలో అడ్డుపడ్డది నేనే. ఆ దేశంలో వాళ్ళ పనిని ఎవరైనా పేరుపెట్టి పిలిచి ఈల వేశారో లేదో నాకు తెలియదు. గద్వాలలో మాత్రం ఆ మర్యాద దక్కింది, పొరపాటున అయితేనేం.

రెండు నెలలకు తిమ్మప్ప పోస్టుకార్డు పట్టుకుని బడికి వచ్చాడు. వెనక సుంకమ్మ. కార్డు నా చేతిలో పెట్టాడు.

"సారూ, ఈసారి ఉన్నదున్నట్టు సదువు."

చదివాను. కాలు విరిగి ఇన్నాళ్ళూ దవాఖానాలో పడి ఉన్నాననీ, రాసిపెట్టేవాళ్ళు దొరకలేదనీ, ఇప్పుడు నడుస్తున్నాననీ, వానలు పడేలోగా వస్తాననీ ఉంది. తిమ్మప్ప మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. సుంకమ్మ వెలిగిన మామ మొహం చూసింది, నా మొహం చూసింది, గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

వాళ్ళు వెళ్ళాక ఖాళీగా ఉన్న పంతుళ్ళ గదిలో నిలబడి, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, నాలుగు కుర్చీల సాక్షిగా ఘనంగా ప్రమాణం చేశాను. ఇక మీదట రాని భాషను రాదనే చెబుతాను. లేని కుక్కను తేను. చచ్చినవాణ్ణి బతికించను. ఎవరైనా నా వైపు చూడాలని మరీ మరీ అనిపిస్తే, స్టూలెక్కకుండా, బెత్తం పట్టకుండా, "జర నా దిక్కు చూడున్రి" అని తెలుగులోనే అడుగుతాను.