ఒక్కరోజు ఆలస్యంగా ఓడెక్కిన రాళ్లు

బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పుంగనూరు బ్రాంచిలో గుమస్తాగా చేరి, చివరికి చెన్నైలో ఎగుమతుల విభాగానికి పెద్దనయ్యాను. ఓడలెక్కిన సరుకు ఒక్కటీ కళ్లతో చూడలేదు. మా పనంతా కాగితాలతోనే. విదేశీ బ్యాంకు ఇచ్చిన హామీ పత్రంలో ఏం రాసి ఉందో, ఎగుమతిదారు తెచ్చిన కాగితాల్లోనూ అదే ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్రసిరాతో గీత గీసేవాణ్ణి. గీత పడితే, కొన్నవాడు ఒప్పుకుంటే తప్ప డబ్బు వచ్చేది కాదు. నా కన్ను పడితే తప్పు దాక్కోలేదని అందరూ అనేవాళ్లు. నేనూ మురిసిపోయేవాణ్ణి.

కుప్పం దగ్గర ఒకాయన గ్రానైటు క్వారీ నడిపేవాడు. రాళ్లు కొట్టే కూలీగా మొదలై సొంత క్వారీ దాకా వచ్చిన మనిషి. మాది మదనపల్లె అని తెలిసి, మనవాడే అనుకుని నా దగ్గరికే వచ్చాడు. మొదటిసారి విదేశానికి రాయి పంపుతూ ఫోన్ చేశాడు.

"రేపు అమావాస్య సార్. తొలి లోడు అమావాస్యనాడు యాల కదిలించల్ల? ఎల్లుండి పంపిస్తా. ఏం కాదు గదా?"

ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ దగ్గరపడిందని నాకు తెలుసు. కొన్నవాళ్లను అడిగి గడువు పెంచుకోమని ఒక్క మాట చెబితే సరిపోయేది. భోజనానికి లేస్తూ, "కాగితాలు రానీ అప్పా, చూద్దాం" అన్నాను. ఎవరడిగినా నేను చెప్పే మాటే అది.

రాళ్లు ఒకరోజు ఆలస్యంగా ఓడెక్కాయి. కాగితాలొచ్చాయి, గీత గీశాను. అవతల రాయి ధర పడిపోయి, కొన్నవాడు సాకు కోసమే చూస్తున్నాడు. వద్దనేశాడు. రాళ్లు పరాయి రేవులో పడి ఉండి, చివరికి రేవు అద్దె కిందే పోయాయి. ఆయన చెన్నై వచ్చి నా బల్ల ముందు నిలబడి, "ఒక దినమే గదా సార్" అన్నాడు. నేను రూల్సు చెప్పాను. క్వారీ చేయి మారిందని తర్వాత విన్నాను. తప్పు నాదేనని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

రిటైరయ్యాక మదనపల్లెలో ఇల్లు కట్టుకుంటూ, మెట్ల రాయి కోసం కుప్పం వెళ్లాను. పాలిషింగు షెడ్డులో లోడింగు చూసుకునే మనిషి ఆయనే. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి టీ తెప్పించాడు. ఒక్క పాతమాటా ఎత్తలేదు. ప్రతి పలక మీదా నీళ్లు పోసి చూసి, పగులు లేనివే ఏరి పెట్టాడు. అది నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

గోడమీద క్యాలెండరు చూస్తే అమావాస్య.

"ఈపొద్దు అమావాస్య కదప్పా. రేపు పంపు, నాకేం తొందర లేదు" అన్నాను.

ఆయన జేబులోంచి బిల్లు తీసి తేదీ మీద వేలు పెట్టాడు.

"కాయితంలో ఈపొద్దని రాసుండారు సార్. ఈపొద్దే రావల్ల."

బస్సులో పుంగనూరు మీదుగా నేను మదనపల్లె చేరేసరికి, లారీ ఇంటి ముందు నిలబడి ఉంది.