పద్దెనిమిది కార్డులు, ఒక చెప్పు

2007 ఫిబ్రవరి 18, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఓడలో సైరన్ మోగింది. ఈ వాక్యాన్ని నా డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను (ఎర్ర సిరా పండుగలకూ ప్రమాదాలకూ మాత్రమే వాడేవాణ్ని, ఆనాటి ఘటన ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ఇప్పటికీ తేల్చుకోలేదు). ఆ రోజుల్లో, లెక్క సరిపోయినంత వరకు లోకానికి ఏ కీడూ రాదని నాకొక గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఉండవలసిన తక్కిన నమ్మకాలు, అంటే ప్రేమ, విప్లవం, తలమీది జుట్టు శాశ్వతమన్న ధీమా, ఇవేవీ నాకు లేవు. బస్సెక్కితే తలలు లెక్కపెట్టేవాణ్ని, పెళ్లికి వెళితే విస్తళ్లు లెక్కపెట్టేవాణ్ని. ఈ గుణాన్ని గమనించే, బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ట్రావెల్స్ ఓనరు నన్ను మూడు నెలల పరీక్ష మీద గైడుగా పెట్టుకున్నాడు.

ఆ పరీక్షలో చివరి అంకం ఈ ఓడ ప్రయాణం. పడమటి సముద్రంలో మూడు రాత్రుల విహారం (ఓడ పేరు, రేవు పేరు కావాలనే రాయడం లేదు, వాళ్లు నాతో నాకు దక్కవలసినదానికన్నా మర్యాదగానే ప్రవర్తించారు). బయలుదేరే ముందు ఓనరు నన్ను పిలిచి, "పద్దెనిమిది మందిని తీసకపోతాండావు. ఆ పద్దెనిమిది మందినీ తెచ్చి నా ముందర నిలబెట్టు. ఒగరు తగ్గినా, ఓడవాళ్ల కాడ్నించి ఒక్క కంప్లైంటు వచ్చినా, ఇంగ నువ్వు బేతమంగళలో మీ నాయనతో ఎనుములు కాసుకోప్పా" అన్నాడు. ఆ మాటకు నేను నిజంగానే వణికాను. మా ఎనుములకూ నాకూ చిన్నప్పటినుంచీ సరిపడదు. గేదెలు లెక్కపెట్టడానికి నిలబడవు.

బృందంలో ఎక్కువమంది బంగారు గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు, వాళ్ల భార్యలు. గనితో సంబంధం లేనివారు ఇద్దరే: నంగలిలో మామిడితోట ఉన్న పెద్దప్ప, ఆయన భార్య. ఇక గనివాళ్లలో ముఖ్యుడు మా మేనమామ. ఆయన చేసింది టోకెన్ ఆఫీసులో ఉద్యోగం. షాఫ్టు గుండా గనిలోకి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరున్న బిళ్ల తీసుకొని దిగాలి, పైకి రాగానే దాన్ని తిరిగి అప్పగించాలి. బోర్డు మీద మేకుకు బిళ్ల వేలాడుతుంటే మనిషి పైన ఉన్నట్టు, మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా భూమి కడుపులో ఉన్నట్టు. ముప్పై ఏళ్లు ఆ కిటికీ వెనక కూర్చున్న మామకు మనుషుల ముఖాల కంటే మేకుల మీదే గురి ఎక్కువ.

ఓడ ఎక్కగానే మనిషికొక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. గది తలుపు దానితోనే తెరవాలి. ప్రమాదం వస్తే పై డెక్కు మీద ఫలానా చోట చేరాలి, అక్కడ ఆ కార్డును ఒక యంత్రానికి చూపిస్తే మనిషి వచ్చినట్టు లెక్క. ఇదంతా వివరించి, నమూనాకు ఒకసారి సైరన్ మోగించారు. మిగతా ప్రయాణికులు చెవులు మూసుకుంటే మావాళ్ల ముఖాలు మాత్రం వెలిగిపోయాయి. గని మూతపడ్డాక మావైపు షిఫ్టు సైరన్ లేదు. "ఇంగొక తూరి కొట్టమనప్పా, ఆరేండ్లాయె విని" అని నన్ను పీడించారు. మామ ఒక్కడే పెదవి విరిచాడు. "మనిషి పైకొచ్చినాక కూడా బిళ్ల మనిషి కాడనే ఉంటే, ఇంగ అది బిళ్ల ఎట్లయితాది? వీళ్లకు పద్ధతి తెలీదురా అల్లుడా." ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం ఇంకొకటి జరిగింది. అదీ చెప్పాలి. ఓడలో వినోద కార్యక్రమం పెట్టి, మైకులో పేర్లు పిలిచి, పిలిచినవాళ్లను వేదిక ఎక్కించి డ్యాన్సు చేయించారు. నంగలి పెద్దప్ప పేరు వచ్చింది. ఆయన ఏదో బహుమతి ఇస్తారనుకొని హుందాగా వెళ్లాడు. పాట మొదలయ్యాక, తలకు తువ్వాలు చుట్టి, మామిడికొమ్మ దులిపినట్టు రెండు చేతులూ ఊపి, ఎట్లాగో బయటపడ్డాడు. ఆయన భార్య నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకుంది. "ఇంగ ఈ మైకులో నా పేరు పిలిస్తే సముద్రంలో దూకుతా గానీ పోను" అని ఆయన, "మేమూ పోము" అని తక్కినవాళ్లూ ప్రతిజ్ఞ చేశారు.

ఇప్పుడు ఆదివారం ఉదయానికి వస్తాను. మావాళ్లంతా ఫలహారం ముగించి గదుల్లో ఉన్నారు. నేను ముందుగా పై డెక్కుకు వెళ్లి, కుర్చీలు ఎవరూ ఆక్రమించకుండా వాటి మీద తువ్వాళ్లు పరుస్తున్నాను. అప్పుడు సైరన్ మోగింది. బట్టలుతికే గదిలో మంటలట. ఓడ వెనకవైపు నుంచి పొగ లేచింది. ఒక పెద్దమనిషి ఇష్టదైవాలందరినీ వరసగా పిలుస్తూ పరిగెత్తాడు. ఒకావిడ లైఫ్ జాకెట్ తలకిందులుగా తొడుక్కొని, చేతులు ఎక్కడ దూర్చాలో తెలియక, నన్నే తిట్టింది. కొత్తగా పెళ్లయిన జంట పొగ బాగా కనబడేటట్టు నిలబడి ఫొటో తీయమని నాకు కెమెరా ఇచ్చారు (తీశాను, బాగా వచ్చింది).

మావాళ్లు వచ్చారు. తొందర లేదు, తోపులాట లేదు. షిఫ్టు దిగినవాళ్లలా ఒకరి వెనక ఒకరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మా అత్త, అంటే మామ భార్య, నేరుగా టిఫిన్ క్యారియర్ విప్పింది. సైరన్ కూస్తే మగవాళ్లు ఇంటికి వస్తారు, వస్తే అన్నం పెట్టాలి. ఆమె చేతులకు తెలిసింది అంతే. క్యారియర్‌లో పొద్దున ఓడవాళ్లు వడ్డించిన ఇడ్లీలే ఉన్నాయి.

"అత్తా, ఓడకు నిప్పంటుకుంది!" అన్నాను.

"అంటుకుంటే ఆర్పేవాళ్లు ఆర్పతారు. తినేవాళ్లు తినాల కదప్పా? కూచో."

నేను లెక్కపెట్టాను. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే. "మామ యాడ?" అని కేక వేశాను.

"కింద మెట్ల కాడ ఉండాడు" అంది అత్త, చట్నీ మూత తీస్తూ. "అందరి కాడా బిళ్లలు ఇప్పించుకుంటాండాడు."

అప్పుడర్థమైంది. సైరన్ వినగానే మామ తన పసుపుపచ్చ గుడ్డసంచితో మెట్ల తలుపు దగ్గర నిలబడ్డాడు. పైకి వస్తున్న మావాళ్లలో ప్రతివాడూ మారు మాట్లాడకుండా తన కార్డు ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. నంగలి పెద్దప్ప కూడా, గని ముఖం చూడని మనిషి, వరసలో అందరూ ఇస్తున్నారని ఇచ్చేశాడు. ఇంతలో యంత్రం పట్టుకొని ఓడ ఉద్యోగిని ఒకామె వచ్చి కార్డులు అడిగింది. మా ఎవ్వరి దగ్గరా కార్డు లేదు. నేను విషయం వివరించే లోపలే ఆమెను తక్కిన జనం లాక్కుపోయారు. యంత్రం లెక్క ప్రకారం నాతో సహా పందొమ్మిది మంది గల్లంతు!

మైకులో పేర్లు మొదలయ్యాయి. మొదటి పేరు నంగలి పెద్దప్పదే. ఆయన ఇడ్లీ వదిలేసి, వేలాడదీసిన చిన్న పడవ చాటుకు వెళ్లి కూర్చున్నాడు. "నిప్పు మండతాంటే కూడా డ్యాన్సేనా వీళ్లకు!" అని అక్కడినుంచే గొణిగాడు. రెండో పేరు, మూడో పేరు. ఎవరి పేరు వస్తే వాళ్లు సముద్రంవైపు తిరిగి ఎరగనట్టు కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగులు ముఖం మీదికి లాక్కున్నారు. "అది డ్యాన్సు కాదు, చెయ్యెత్తండి!" అని నేను బతిమాలుతుంటే, "నీ పేరు పిలిస్తే నువ్వు పోప్పా, కుర్రోడివి" అన్నారు. చివరికి ముఖాలకు ముసుగులు తొడుక్కున్న ఆరుగురు సిబ్బంది, మా పందొమ్మిది మందినీ వెతకడానికి, నా అరుపు అందేలోపే, వెనకవైపు మెట్లగుండా పొగ నిండిన కింది గదుల్లోకి దిగారు.

ఈలోగా చుట్టూ చేపల పడవలు మూగాయి. మమ్మల్ని కాపాడడానికే వచ్చి ఉంటారు. కానీ ఓడ మునిగే సూచన లేకపోవడంతో వాళ్లకూ ఏం చేయాలో తోచలేదు. ఒకాయన పెద్ద చేపను పైకెత్తి మూడు వేళ్లు చూపించాడు. అత్త రెండు వేళ్లు చూపించింది. ఆయన చేపను ఇంకొంచెం పైకెత్తాడు. ఆ బేరాన్ని అక్కడే వదిలి నేను కిందికి పరిగెత్తాను.

మామ మెట్ల తలుపు దగ్గరే ఉన్నాడు. ముక్కుకు తడి తువ్వాలు, చంకలో సంచి. పొగ పల్చగా ఆయన చుట్టూ తిరుగుతోంది, ఆయన దగ్గుతున్నాడు. ఉద్యోగం సంగతి ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

"మామా, పైకి రా!"

"నీ బిళ్ల యాడ?"

"నాదేంది మామా? నేను నీ ముందరే నిలబడినాను కదా!"

"నిలబడినానని నోటితో చెప్తే సరిపోతాదా? నాదీ కలిపి పద్దెనిమిది వచ్చినాయి. ఒగటి రాలేదు. అల్లుడు కిందనే ఉండాడని ఈడ నిలబడినాను."

"నేను ముందే పైకి పోయినా. కార్డు రూములో మర్చిపోయినా."

"అయితే పో, తీసుకోనిరా."

"పొగలో లేనని చూపించేదానికి పొగలోకి పోవల్నా మామా?"

మామ ఆలోచనలో పడ్డాడు. ముప్పై ఏళ్ల నిబంధనలు ఒక్కొక్కటే ఆయన కళ్లలో తిరగడం నాకు కనబడింది. చివరికి, "బిళ్ల పారేసుకున్నోళ్ల కాడ బదులేదన్నా పెట్టించుకుంటాంటిమి. వాచీ గానీ, చెప్పు గానీ" అన్నాడు. వాచీ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు (మంటలు ఎప్పుడు ఆరాయో రాసుకోవద్దూ?). ఎడమకాలి చెప్పు తీసి ఇచ్చాను. మామ దాన్ని జాగ్రత్తగా సంచిలో వేసి, నా తల మీద చెయ్యి పెట్టాడు. "సరే, ఇంగ షాఫ్టు ఖాళీ. పద" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూ, అది పొగ వల్లనే అని రెండుసార్లు చెప్పాడు.

పైన ఓడ అధికారి సంచి బోర్లించాడు. పద్దెనిమిది కార్డులకూ యంత్రం పద్దెనిమిదిసార్లు కూసింది. తరువాత ఆయన చెప్పును రెండు వేళ్లతో ఎత్తి, యంత్రాన్ని చూసి, నా ఎడమకాలు చూశాడు. నవ్వలేదు. ఇడ్లీలు తింటున్న మనుషుల కోసం తన కుర్రవాళ్లు ఆరుగురు పొగలోకి దిగారని, దీన్ని ఊరికే వదలనని, మా ట్రావెల్స్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపుతానని ఇంగ్లీషులో గర్జించాడు. నాకు మా ఎనుములు కళ్ల ముందు నిలిచాయి. ఆశ్చర్యంగా అవి కదలకుండా నిలబడ్డాయి.

నేను తెలుగులో చెప్పాక మామ ముఖం నల్లబడింది. పైకొచ్చిన మనిషి కోసం వెతికేవాళ్లను కిందికి పంపడం గనిలో క్షమించరాని తప్పు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. "ఆ సార్ చెప్పింది న్యాయం. ఒగ షాఫ్టుకు రెండు టోకెన్ ఆఫీసులు ఉండకూడదు. తప్పు నాది" అన్నాడు. అప్పుడే ఆ ఆరుగురూ మసి ముఖాలతో పైకి వచ్చారు. మామ అత్త దగ్గర నిప్పట్ల (అంటే చెక్కల) డబ్బా తీసుకొని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "నా వల్ల తిరిగినారు, తినండి నాయినా" అని పెట్టాడు. వాళ్లకు మాట తెలియకపోయినా నిప్పట్టు తెలిసింది. అధికారికీ ఒకటి ఇచ్చాడు. మా అత్త నిప్పట్టు దవడ మొత్తాన్నీ కోరుతుంది. అది నోట్లో ఉండగా మనిషి గర్జించలేడు. ఆయన నమిలి మింగేసరికి మంటలు ఆరిపోయాయన్న కబురు వచ్చింది, రెండోది తీసుకున్నాడు. ఫిర్యాదు ఎన్నటికీ రాలేదు.

కాసేపటికి ఓనరు ఫోను. ఓడలో మంటలు, పందొమ్మిది మంది గల్లంతు అని టీవీలో కింద అక్షరాలు పోతున్నాయట. కబురు చెప్పడానికి ఆయన మావాళ్ల ఇళ్లకు వెళితే బంధువులు ఒక్కరూ లేరట. అందరూ పోయి, తాళం వేసిన గని గేటు ముందు నిలబడ్డారు. ఎవరికి ఏ ప్రమాదం జరిగినా కబురు ఆ గేటు దగ్గరికే వస్తుందని వాళ్లకు తరాల అలవాటు. "ఓడ సముద్రంలో ఉంటే ఈడ నిలబడితే ఏమొస్తాదని అరిచినానప్పా" అన్నాడు ఓనరు. తరువాత గొంతు తగ్గించి, "ఇంగ నేనూ ఈడనే నిలబడినాను. ఎంతమంది ఉండారు చెప్పు" అన్నాడు.

"అందరూ ఉండారన్నా."

ఆయన ఫోను పక్కకు ఇచ్చాడు. మా అమ్మ. "నువ్వు పైనే ఉండావా నాయినా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. పైనే ఉన్నానని చెప్పాను.

ఉద్యోగం ఖాయమైంది. తరువాత మానేసి వేరే పనుల్లో పడ్డాను, అది వేరే సంగతి. దిగేటప్పుడు కార్డులన్నీ ఓడవాళ్లే తీసుకున్నారు కాబట్టి, మామకు నా బిళ్ల అప్పగించే దారి మూసుకుపోయింది. బిళ్ల లేనిదే చెప్పు ఇవ్వనన్నాడు; చెప్పు తాకట్టే గానీ బిళ్ల కాదట, అసలు బిళ్ల వచ్చేదాకా పద్దులో మనిషి కిందనే ఉన్నట్టట. అది ఆయన ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఆయుధపూజకు అత్త దానికీ బొట్టు పెడుతుంది. మామకిప్పుడు చూపు తగ్గింది. పోయిన నెల వెళితే, చేత్తో తడిమి చెప్పు ఉందని చూసుకొని, "నువ్వింకా పైకి రాలేదురా" అన్నాడు. నలభై దాటినా లిఫ్టు ఎక్కే ముందు భార్యాబిడ్డలను లెక్కపెట్టే మనిషిని, నాకు అదీ నిజమేననిపించింది.

పోయినవి: ఓడవారి తువ్వాళ్లు కొన్ని, ఉతకడానికి వేసిన నంగలి పెద్దప్ప పంచె ఒకటి, నిప్పట్లు ఒక డబ్బా, కుదరని బేరంలో చేప ఒకటి. మిగిలినవి: మనుషులు పందొమ్మిది మంది, నా కుడికాలి చెప్పు. మామ లెక్కలో ఇంకా పైకి రావలసినవారు: ఒకరు.