ఇంకోమాట గారి చీటీలు

మా కాలేజీ లైబ్రేరియన్ గారికి ఏ సంగతైనా ఒక్క మాటలో చెబితే ఎక్కదు. "ఇంకో మాట చెప్పండి" అంటారు. అదీ చెబితే, "ఇంకోటి" అంటారు. పది అయ్యేదాకా మనిషిని వదలరు. అందుకే కాలేజీ అంతా ఆయన్ని ‘ఇంకోమాట గారు’ అంటుంది. అసలు పేరు సర్వీసు రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పరిశోధనకి ఆర్టికల్స్ కావాలని ఎవరొచ్చినా ఆయన ముందు కంప్యూటరు ముట్టుకోనివ్వరు. వాడకం పోయిన పాత కేటలాగు కార్డుల వెనక ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి దొంతరగా పెట్టుకుంటారు. మన విషయాన్ని ఆ చీటీ మీద పది వేర్వేరు మాటల్లో రాస్తే గానీ డేటాబేసు తెరవరు. కౌంటరు ముందు కుర్చీ ఉండదు. మనం నిలబడి రాయాలి. అవతల ఆయనా నిలబడే ఉంటారు, మన పెన్ను వైపే చూస్తూ.

ఓసారి లైబ్రరీలో లైట్లు పోతే ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"వైరు కాలింది సార్."

"ఇంకో మాట చెప్పు."

"మాడింది."

"ఇంకోటి?"

"సార్, కొత్త వైరు కొనండి. నాకొచ్చిన మాటలు అయిపోయాయి."

జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ‘ఏమిటి బాధ’ అన్న ఒక్క ప్రశ్నకి ఈయన పది జవాబులు చెప్పారట. డాక్టరు మూడు రోగాలకి మందులు రాసి, నాలుగోదానికి ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడట.

ఇంట్లో పరిస్థితి వాళ్ళావిడే ఓ వీడ్కోలు సభలో చెప్పింది. "పెళ్ళైన కొత్తలో, నేనంటే మీకేమిటండీ అని అడిగాను. ఇష్టం, అభిమానం, మక్కువ అంటూ పది చెప్పారు. పొంగిపోయాను. మర్నాడు కొత్త చెప్పులు కొనుక్కొచ్చి, వాటి గురించీ అవే పది చెప్పారు."

ఇలాంటి మనిషి చేతిలో నేను పడ్డాను.

నేను నర్సింగు పాఠాలు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా నిలబడే చెబుతున్నాను. నలభై ఆరో ఏట బుద్ధి గడ్డి తిని పీహెచ్‌డీలో చేరాను. విషయం: నిలబడి పనిచేసేవాళ్ళ కాళ్ళ నొప్పులు. విషయం కోసం పెద్ద దూరం వెళ్ళలేదు, నా మోకాళ్ళ దాకా వెళ్ళానంతే. మా గైడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఓసారి తొందరలో నన్ను "ఆంటీ" అనేసి, నాలిక్కరుచుకుని, "మేడం" అని దిద్దుకుంది. అప్పట్నుంచి ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు సరిగ్గా చూసుకోలేదు.

మూడేళ్ళు గడిచాయి. రెండుసార్లు గడువు పెంచారు. ఆ శనివారం ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది:

"మేడం, వచ్చే శుక్రవారమే ఆఖరు. పదిహేను మంచి ఆర్టికల్స్ చూపించండి. వాటిల్లో ఎవరూ అడగని ఒక్క ప్రశ్న చూపించండి. లేకపోతే కమిటీ మీ రిజిస్ట్రేషన్ తీసేస్తుంది. నా చేతిలో ఏం లేదు."

ఆదివారమంతా ఇంట్లో కూర్చుని నేనే వెతికాను. నా సిద్ధాంతగ్రంథం శీర్షికలో ఇరవై మూడు మాటలున్నాయి. అన్నీ టైపు చేశాను. సున్నా అంది. విసుగొచ్చి ఉత్త ‘కాళ్ళ నొప్పి’ అని కొట్టాను. నాలుగు లక్షలు అంది.

మా ఆయన భుజం మీంచి తొంగి చూశారు. "నాలుగు లక్షలే! ఇంకేం, అయిపోయిందిగా!"

"రోజుకి పది చదివితే నూట తొమ్మిదేళ్ళు పడుతుందండీ."

"మరి మొదలుపెట్టు" అని పేపరు తిరగేసుకున్నారు.

సోమవారం వరసగా నాలుగు క్లాసులు చెప్పి, కాళ్ళీడ్చుకుంటూ లైబ్రరీకి వెళ్ళాను. ఆయన చీటీ జరిపారు. కాళ్ళ నొప్పి, నిలబడటం, మోకాళ్ళు, వాపు, నర్సులు అని రాసి ఆగాను.

"ఇంకో మాట, అమ్మా."

"అయిపోయాయి సార్."

"ఇంకా అయిదు గీతలున్నాయిగా?"

‘అలసట’ అని రాశాను. నిజంగానే వచ్చింది కాబట్టి.

"బావుంది. ఇంకోటి?"

నా మడమలు రెండూ మండుతున్నాయి. శుక్రవారం నెత్తిమీదుంది. ఈ మహానుభావుడు తాపీగా నా పెన్ను వైపు చూస్తున్నాడు. ఎక్కడో ఏదో తెగింది. ఏడు: మా గైడు. ఎనిమిది: నా ఖర్మ. తొమ్మిది: రిటైర్మెంటు. పదో గీత మీద కార్డు చిరిగేంత గట్టిగా ‘కుర్చీ’ అని రాశాను. అప్పుడు నాకు కావలసింది నిజంగా అదొక్కటే.

"ఇవిగో సార్ పదీ. మీరే వెతుక్కోండి!" అని చీటీ ఆయన మీదికి తోసి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే సిగ్గేసింది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, చాక్లెట్ ఇవ్వలేదని అలిగిన పిల్లలా చేశాను.

రాత్రికల్లా తేల్చుకున్నాను: ఇంక చాలు, మానేద్దాం. లైబ్రరీ కార్డు తిరిగి ఇచ్చెయ్యాలి, కానీ ఆయన మొహం చూసే ధైర్యం లేదు. తొమ్మిదిన్నరకి తెరుస్తారు కాబట్టి మంగళవారం ఎనిమిదిన్నరకే వెళ్ళాను, అటెండరమ్మ చేతిలో పెట్టి పారిపోదామని. ఆవిడ గుమ్మం దగ్గర పాత పేపర్లు దులుపుతోంది. అద్దాల తలుపు లోంచి చూస్తే కంప్యూటరు ముందు ఎవరో నిలబడి ఉన్నారు.

"ఎవరది?"

"ఇంకెవరమ్మా, సారే. రోజూ ఆరింటికే వచ్చేస్తారు. నిన్న ఏమీ దొరక్కుండా వెళ్ళినవాళ్ళ చీటీలు ముందేసుకుని ఒక్కో మాటా వెతుకుతారు."

"అందరివీనా?"

"అందరివీ. కోపంగా వెళ్ళినవాళ్ళవి ముందు." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీది పొద్దుట్నుంచీ నడుస్తోంది" అంది.

పారిపోయే లోపలే ఆయన చూసేశారు. చీటీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. కోపం ఏ కోశానా లేదు. నిజంగా బాధపడుతున్న మనిషిలా అన్నారు:

"రండమ్మా. మీ ఎనిమిదో మాటకి ఏమీ దొరకలేదు."

చీటీ చూశాను. ప్రతి మాట పక్కనా ఎర్ర సిరాతో ఒక అంకె. ‘నా ఖర్మ’ పక్కన పెద్ద సున్నా.

"మూడు రకాలుగా కొట్టి చూశాను. దానికి ఇంకో మాటేమైనా ఉందా?"

"లేదు సార్. అదొక్కటే" అన్నాను, నేల చూస్తూ.

"పోనీండి. మీ గైడు రాసినవి ఆరు దొరికాయి, చక్కగా రాసింది. రిటైర్మెంటుకి బోలెడున్నాయి కానీ, మీకింకా తొందర లేదు. ఇదిగో, ఇది చూడండి." ‘కుర్చీ’ చుట్టూ ఎర్ర సిరాతో మూడు వలయాలు గీసి ఉన్నాయి. "ఈ విషయం మీద వచ్చినవాళ్ళంతా నొప్పి, వాపు, మంట అని నొప్పి చుట్టూనే తిరుగుతారమ్మా. మీరు తిన్నగా మందు దగ్గరికెళ్ళారు. కుర్చీ, నిలబడి పని, రెండూ కలిపి కొట్టాను. నాలుగు లక్షలు కాస్తా పంతొమ్మిదికి దిగాయి."

పంతొమ్మిదీ అచ్చు తీసి ఉన్నాయి. పైనున్నది చేతికిచ్చారు. ఒక ఆసుపత్రి వార్డుల్లో నర్సుల కోసం కుర్చీలు వేయించారట. మూడు నెలల తర్వాత చూస్తే కాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. కుర్చీల మీద మాత్రం దుమ్ము పేరుకుందట.

"ఎందుకు కూర్చోలేదట సార్?"

"అది వాళ్ళు అడగలేదమ్మా. ఎవరైనా అడిగితే బావుణ్ణని చివర్లో రాశారు. మిగతా పద్దెనిమిదీ తిరగేశాను, వాటిల్లోనూ ఎవరూ అడగలేదు."

నేను గోడకి ఆనుకున్నాను. జవాబు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి బ్యాచికీ మొదటి రోజున వేలు చూపించి నేర్పింది నేనే: "వార్డులో కూర్చున్నారంటే చూడండి!" ఎవరూ అడగని ప్రశ్న నా ముందుంది. ఎవరూ పట్టుకోని ముద్దాయి కూడా అక్కడే, గోడకి ఆనుకుని ఉంది.

"సార్, నిన్న నేనలా విసిరేసి పోతే ఇవన్నీ ఎందుకు వెతికారు?"

"ఒక్క మాటతో వచ్చినవాళ్ళకి దొరక్కపోతే, తమకి బుర్ర లేదనుకుని వెళ్ళిపోతారమ్మా. మళ్ళీ రారు. పది మాటలుంటే తప్పు ఏదో ఒక మాట మీదికి పోతుంది. మనిషి మీదికి రాదు."

నా లైబ్రరీ కార్డు నా సంచిలోనే ఉండిపోయింది.

శుక్రవారం మా గైడు ఆ కాగితాలు రెండుసార్లు చదివింది. "మేడం! కుర్చీ అన్న మాట మీకెలా తట్టింది?" అంది.

"దాని వెనక చాలా కృషి ఉంది" అన్నాను గంభీరంగా. కమిటీ ఒప్పుకుంది. ఆ సంతోషంలో ఆ అమ్మాయి మళ్ళీ "ఆంటీ" అంది. ఈసారి ఎవరం దిద్దుకోలేదు.

ఆ కబురు చెబుదామని లైబ్రరీకి పరిగెత్తాను, అంటే, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత వేగంగా. కౌంటరు ముందు కొత్తగా ఒక కుర్చీ ఉంది.

"తన గదిలోది మోసుకొచ్చారమ్మా" అంది అటెండరమ్మ. "పంతొమ్మిది దొరికాయని ఇక్కడ మేమంతా సంబరపడ్డాం. సారు మాత్రం, ‘ఆవిడ కుర్చీ అడిగింది నన్ను, డేటాబేసుని కాదు’ అని నొచ్చుకున్నారు."

కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఆయన అవతల ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు.

"మీరూ ఒకటి వేసుకోండి సార్."

"నాకు అలవాటు లేదమ్మా."

దొంతరలోంచి ఒక చీటీ తీసి ఆయన ముందుకి జరిపాను. "అలవాటు ఒకటో మాట. మీరెందుకు కూర్చోరో ఇంకో తొమ్మిది రాయండి. నా పరిశోధనకి కావాలి."

ఆయన పెన్ను తీశారు. ‘అలవాటు’ అని గుండ్రంగా రాశారు. రెండో గీత మీద పెన్ను ఆగిపోయింది. పైకప్పు చూశారు, ఫ్యాను చూశారు, నన్ను చూశారు.

"ఇంకో మాట, సార్" అన్నాను.

నాకేం తొందర లేదు. కూర్చునే ఉన్నాను.