ఆట ఆపిన అంబులెన్స్

2018 చలికాలం. అప్పుడు నేను కల్వకుర్తిలో, శ్రీశైలం రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుని. మాది నల్లగొండ పక్కన పానగల్. జీఎన్ఎం, అంటే నర్సింగ్‌లో డిప్లొమా, నల్లగొండలోనే చదివి, పెళ్లయ్యాక ఇటు వచ్చాను. బండి మీద నుంచి పడ్డవాళ్లు, పాము కరిచినవాళ్లు, పురుగుల మందు తాగినవాళ్లు, కాన్పులు, ఆ రోడ్డు మీది ఆసుపత్రికి ఏమేం వస్తాయో అన్నీ చూశాను. గోల్ఫ్ బంతి తగిలిన మనిషిని మాత్రం ఒక్కసారే చూశాను. ఆ కేసు గురించి ఎత్తితే అప్పటి నా తోటివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నాకైతే ఇప్పటికీ కోపమే వస్తుంది.

కల్వకుర్తి నుంచి హైదరాబాద్ పోయే దారిలో ఒక రిసార్టు ఉండేది. చుట్టూ పత్తి చేలు, మధ్యలో ఎండాకాలం కూడా పచ్చగా ఉండే గడ్డి. అక్కడ ఏదో సేవా కార్యక్రమం కోసమని సెలబ్రిటీ ప్రో-యామ్ పెట్టారు. ప్రో అంటే ఆ ఆటే బతుకుదెరువుగా ఉన్నవాడు. యామ్ అంటే అమెచ్యూర్, సరదాకి ఆడేవాడు. ఇద్దరినీ ఒక జట్టుగా కలిపి ఆడిస్తారు. ఆ సరదా ఆటగాళ్లలో ఒక సినిమా హీరో కూడా ఉన్నాడు. ఫస్ట్ ఎయిడ్ ఏర్పాటు మా నర్సింగ్ హోంకి అప్పజెప్పారు.

మా డాక్టరుగారు నన్ను పిలిచి, "సువార్తా, నువ్వు పో. ఏం ఉండది. ఎండకు ఎవరికన్న కండ్లు తిరిగితే ఓఆర్ఎస్ తాపుడే" అన్నారు.

రిసార్టు మేనేజరు ముందురోజే ఫోన్ చేశాడు. "సిస్టర్, తెల్ల డ్రెస్ వద్దండీ. ఫొటోల్లో పడితే ఇక్కడేదో జరిగిందనుకుంటారు. మామూలు చీరలో, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకరిలా ఉండండి" అన్నాడు. సరేనని బీపీ మెషీను, టార్చి, కట్లు కూరగాయల సంచిలో వేసుకుని వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సంచి చూసి, టిఫిన్లు లోపలికి తీసుకుపోవద్దన్నాడు. మా అంబులెన్స్‌ని కూడా ఎవరికీ కనపడకుండా చెట్ల వెనక పెట్టించారు. అందులో మా డ్రైవరు జంగయ్య సీటు వాల్చుకుని పడుకున్నాడు.

గోల్ఫ్ చూడడమంటే ఏమిటో చూడనివాళ్లకు చెబుతాను. ఒకాయన బంతి దగ్గర నిలబడతాడు. చాలాసేపు నిలబడతాడు. నిశ్శబ్దం అని రాసిన పలకలు పైకి లేస్తాయి, దగ్గు వచ్చినా ఆపుకోవాలి. ఆయన కొడతాడు. బంతి ఎటు పోయిందో మనకు కనపడదు. పక్కవాళ్లు చప్పట్లు కొడితే మనమూ కొడతాం. తర్వాత అందరం కలిసి బంతిని వెతుక్కుంటూ నడుస్తాం. దీనికి జనం పాసులు పట్టుకుని మరీ వచ్చారు.

వచ్చినవాళ్లలో సగం మంది హీరో అభిమానులే. యాదయ్య అట్లానే నాకు తగిలాడు. కల్వకుర్తిలో షేరింగ్ ఆటో నడుపుతాడు, ఆటో వెనక హీరో బొమ్మ వేయించుకున్నాడట. వెంట భార్య పద్మ.

"మీరు గూడ ఆయన ఫ్యానేనా అక్కా?" అని అడిగాడు.

నర్సునని చెప్పకూడదు కదా. "ఊకనే చూద్దామని వచ్చిన" అన్నాను.

"నేనైతే చిన్నప్పటి సంది ఆయన సినిమా ఒక్కటి ఇడువలే. మనిషిని చూసుడు మాత్రం గిదే ఫస్టు. ఒక్క ఫొటో దిగి, ఒక్క మాట మాట్లాడితే చాలక్కా. గా ఫొటో ఆటోల ముంగట పెడత."

"మా పెండ్లి ఫొటో ఎన్నడన్న పెట్టిండేమో అడుగక్కా" అంది పద్మ.

గోల్ఫ్‌లో కొట్టేవాడి వెనక గానీ పక్కన గానీ నిలబడాలి. కానీ వెనక నిలబడితే హీరో వీపు కనపడుతుంది. వీపు చూడడానికి ఏ అభిమానీ రాడు. సినిమా హాల్లో తెర ముందు కూర్చున్నట్టే, మావాళ్లంతా తాడు దాటి, ముఖం కనపడేటట్టు ముందువైపుకి జారుకున్నారు. అక్కడి మనుషులు వచ్చి వెనక్కి తోలితే పోయినట్టే పోయి మళ్లీ వచ్చారు. తర్వాత వాళ్లకీ విసుగొచ్చి వదిలేశారు.

హీరో కొట్టాడు. బంతి పోవలసిన వైపు పోలేదు. అటునుంచి ఎవరో "ఫోర్" అని గట్టిగా అరిచారు. బంతి మీదికి వస్తోంది, తల కాపాడుకోండి అని ఆ ఆటలో దానికి అర్థమట. అది మావాళ్లకేం తెలుసు? హీరో వైపు నుంచి కేక వినపడేసరికి తమనే పలకరించారనుకుని చేతులు ఊపుతూ ముఖాలు పైకెత్తారు. యాదయ్య ఫోన్ పట్టుకుని అందరికంటే ఎత్తుగా లేచాడు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది.

నేను పరుగెత్తాను. ఆయన నేలమీద కళ్లు మూసుకుని ఉన్నాడు. కాసేపటికి తెరిచి, "ఏం గాలే, ఏం గాలే" అంటూ లేచి కూర్చుని నవ్వాడు. చెవి పైన నిమ్మకాయంత వాపు, చర్మం కూడా చిట్లలేదు.

హీరో మంచివాడే, ఆ మాట చెప్పాలి. పాలిపోయిన ముఖంతో వచ్చి, యాదయ్య భుజం మీద చెయ్యి వేసి, "సారీ అన్నా, నొప్పి బాగా ఉందా?" అని అడిగాడు. తన టోపీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఎవరో పద్మ ఫోన్‌తో ఫొటో తీశారు. తర్వాత నిర్వాహకులు పిలిస్తే ఆటలోకి వెళ్లిపోయాడు.

యాదయ్యని నీడలో కూర్చోబెట్టి వాపు మీద ఐసు పెట్టాను. ఆయన నన్ను చూసి, "అక్కా, హీరో ఇటుదిక్కు వస్తడంటవా?" అన్నాడు.

పద్మ నవ్వింది. "ఇప్పుడే గద వచ్చి పోయిండు."

ఆయన చేతిలోని టోపీని తిప్పి చూశాడు. "గిది ఎవరిది?"

పద్మ నవ్వు ఆగిపోయింది. కాసేపటికి ఆయన మళ్లీ అదే అడిగాడు, హీరో వస్తాడా అని. ఆ వెంటనే కక్కుకున్నాడు.

తల దెబ్బల్లో మేము భయపడేది రక్తం కారే గాయానికి కాదు. దెబ్బ తగలగానే స్పృహ తప్పడం, జరిగింది మరిచిపోవడం, వాంతి, ఈ మూడూ కలిస్తే లోపల రక్తం కారుతోందేమో అని అనుమానించాలి. కాదని సీటీ స్కాన్ చెప్పేదాకా ఆ అనుమానం పోనివ్వకూడదు. ఒక్కోసారి మనిషి మధ్యలో మామూలుగానే మాట్లాడతాడు. దాన్ని లూసిడ్ ఇంటర్వెల్ అంటాం. లోపల ఒత్తిడి పెరిగేదాకా ఉండే మంచి సమయం అన్నమాట. బైకు మీద నుంచి పడ్డ ఒకతను మా ఆసుపత్రికి తనంతట తానే నడిచి వచ్చి, చాయ్ తాగి, అందరితో ముచ్చట్లు పెట్టి, సాయంత్రానికి చనిపోవడం నేను చూశాను. యాదయ్యకు అదే అవుతుందని నాకు తెలియదు. కాదని కూడా తెలియదు.

మేనేజరు వచ్చాడు. "ఆయన మాట్లాడుతున్నాడు కదా సిస్టర్. రక్తం కూడా లేదు."

"హైదరాబాద్ తీస్కపోయి స్కాన్ తీయాలె సార్. అంబులెన్స్ ముంగటికి రమ్మనుండ్రి."

"అంబులెన్స్ కదలడానికి లేదు. గ్రౌండులో అంబులెన్స్ లేకపోతే ఆట ఆపెయ్యాలి, అది రూలు. హీరోగారికి సాయంత్రం ఫ్లైట్ ఉంది."

"అయితే కారియ్యుండ్రి."

"కార్లన్నీ గెస్టుల కోసం వెళ్లాయి. ఆట అవగానే మేమే పంపిస్తాం."

108కి చేస్తే, దగ్గరి బండి కాన్పు కేసు మీద పోయింది, ఆలస్యమవుతుందన్నారు. మా డాక్టరుగారికి చేశాను. "మాట్లాడుతుండు గదా సువార్తా, జర సేపు చూడు. వాళ్లతోని కయ్యం పెట్టుకోకు, ముందు ముందు మనకు మస్తు పని ఇస్తరు" అన్నారు. సరే సార్ అని ఫోన్ పెట్టేశాను.

ఆ రూలు ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఎవరికైనా దెబ్బ తగిలితే తీసుకుపోవడానికే కదా. దెబ్బ తగిలినవాడు కళ్లముందు కూర్చుని కక్కుకుంటుంటే, ఇంకా తగలని దెబ్బ కోసం బండిని దాచిపెడతారట. తగలబోయేది ఎవరికో, దాచింది ఎవరికోసమో నాకు అర్థం కానంత చిన్నపిల్లనేం కాదు. ఒళ్లు మండిపోయింది.

నేరుగా పోయి జంగయ్యని లేపాను. "జంగన్నా, బండి తియ్యి."

"మేనేజర్ సారు చెప్పిండా?"

"నేను చెప్తున్న."

"నా నౌకరి పోతదేమో అక్కా."

"పోతే ఇద్దరిది పోతది. తియ్యి."

అప్పటికే పద్మ మొగుణ్ని నడిపించుకుంటూ వచ్చేసింది. నేనడగకముందే తలుపు తీసి ఎక్కించింది. మేనేజరు బండి ముందుకొచ్చి చేతులడ్డం పెట్టాడు. పద్మ కిటికీలోంచి, "సారూ, నా మొగుని మీదికెల్లి ఆట ఆడుతరా?" అంది. ఆయన పక్కకు జరిగాడు.

కదిలాక జంగయ్య అన్నాడు, "సైరన్ ఎయ్యొద్దన్నరక్కా, ఆటకు డిస్టర్బ్ అయితదంట."

"ఎయ్యి" అన్నాను.

సైరన్ మోగింది. నిశ్శబ్దం పలకలు పట్టుకున్నవాళ్లు వాటిని దించాలో ఎత్తాలో తెలియక మమ్మల్నే చూశారు. ఆ రోజు మొత్తం ఆటలో నాకు నచ్చింది ఆ ఒక్క ముక్కే.

దారిలో మాత్రం నా ధైర్యం నీరుగారింది. మాటిమాటికీ టార్చి వేసి ఆయన కంటిపాపలు చూశాను. ఒకటి పెద్దదైతే లోపల ఒత్తిడి పెరిగినట్టు లెక్క. ఆయనేమో ఆటో ఎక్కడ పెట్టానని అడిగిందే అడుగుతున్నాడు. పద్మ అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెబుతోంది. మధ్యలో నా చెయ్యి పట్టుకుని, "బతుకుతడు గద అక్కా?" అంది. నేను మళ్లీ టార్చి వేశాను.

హైదరాబాద్‌లో స్కాన్ తీశారు. నార్మల్. మెదడు అదిరింది, దాన్ని కంకషన్ అంటారు, రక్తస్రావం లేదు, ఒక రాత్రి ఉంచుకుని పంపిస్తామన్నారు. నేను వరండాలో కూర్చుని ఏడ్చాను. ఇంకో బండి వచ్చేదాకా అక్కడ ఆట ఆగిపోయిందనీ, హీరో మధ్యలోనే వెళ్లిపోయాడనీ తర్వాత తెలిసింది.

కొన్ని రోజులకు మేనేజరు మా నర్సింగ్ హోంకి వచ్చాడు. డాక్టరుగారి గదిలో కూర్చుని, నన్ను పిలిపించి, "ఏమీ కాని దానికి మా ప్రోగ్రాం మొత్తం పాడు చేశారు" అన్నాడు. అదే పూట యాదయ్య, పద్మ చూపించుకోవడానికి వచ్చి బయట బెంచీ మీద ఉన్నారు. డాక్టరుగారు ఆయన్ని లోపలికి పిలిచారు.

"ఏం యాదయ్యా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న సార్."

మేనేజరు నా వైపు చూశాడు, ఇప్పుడేమంటావు అన్నట్టు. వెనకే వచ్చిన పద్మ ఫోన్ తీసి ఆ ఫొటో మొగుడి ముందు పెట్టింది. "హీరో నీతోని ఏమన్నడో సారుకు చెప్పు."

యాదయ్య ఫొటోని చాలాసేపు చూశాడు. "నాకు యాదికి లేదు సార్. ఆయన నా భుజం మీద చెయ్యేసిండు, గిండ్ల కనవడుతుంది. నాతోని మాట్లాడిండట. ఇన్నేండ్ల సంది అనుకున్నది అయిందని అందరు చెప్తున్నరు. నాకైతే తెల్వది."

ఆయన బయటికి వెళ్లాక డాక్టరుగారు గొంతు తగ్గించి, "సువార్తా, సారుకు ఒక్క సారీ చెప్పు. ముచ్చట ఒడిసిపోతది" అన్నారు.

"దేనికి సార్? రిపోర్టు నార్మల్ వచ్చినందుకా?" అన్నాను. "లోపట రక్తం గడ్డ ఉండుంటే నన్ను మెచ్చుకుందురు. మనిషి మంచిగ ఉన్నందుకు సారీ చెప్పమంటున్నరు. నేను చెప్ప."

చెప్పలేదు. రిసార్టు పని మళ్లీ మాకు రాలేదు. డాక్టరుగారు చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. జంగయ్య ఉద్యోగం మాత్రం పోలేదు. తర్వాత నాకు సర్కారు నౌకరి వచ్చింది, ఇప్పుడు మోత్కూర్ వైపు దవాఖానలో ఉన్నాను. కొత్తగా వచ్చిన సిస్టర్లు, అనవసరంగా రిఫర్ చేశామని పెద్ద డాక్టర్లు తిట్టారంటూ ముఖాలు వేలాడేసుకుని వస్తుంటారు. వాళ్లకు ఈ కేసు చెబుతాను. తిడితే తిట్టనివ్వండి అంటాను. మళ్లీ అలాంటి దెబ్బ తగిలితే, ఎవరి ఆట ఆగినా సరే, మళ్లీ అంబులెన్స్ తీయిస్తాను. రిపోర్టు మళ్లీ నార్మలే రావాలని దేవుడికి మొక్కుకుంటూ తీసుకుపోతాను.