ఎక్కడిదక్కడ అయాన్

తీసిన వస్తువు తీసిన చోటికి తిరిగి చేరకపోతే అయాన్‌కు అన్నం సహించదు. తాను తీసిన వస్తువే కానక్కర్లేదు. లోకంలో ఎవరు, ఏది, ఎందుకు కదిపినా దాన్ని మళ్లీ మొదటి చోట పెట్టే బాధ్యత పుట్టుకతోనే తన మీద పడిందని అతని నమ్మకం. మా కాలేజీలో అతన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు వేసేటప్పుడు మాత్రమే. మిగతా సమయమంతా అతని పేరు ఎక్కడిదక్కడ.

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు అతనూ నేనూ ఒకే గదిలో ఉన్నాం. నేను ఒక చెప్పు గుమ్మంలో, రెండోది మంచం కింద విడిచే రకం. మా ఇంట్లో నా వెనకాల సర్దడానికి మనుషులుండేవాళ్లు, అలా పెరిగాను. పొద్దున టీ తాగుతూ గ్లాసు కింద పెట్టి, ఫోను చూసుకుని చేయి చాపితే గ్లాసు ఉండేది కాదు. కడిగి గూట్లో బోర్లించి ఉండేది.

“అరే, నేనింక తాగుతున్న గద.”

“గ్లాస్ జాగ నేల మీద కాదు సాకేత్, గూట్ల.”

“మరి చాయ్ జాగ ఏడ?”

“నీ కడుపుల. గంతసేపు కింద పెట్టుకొని కూసుంటే నేనేం జెయ్యాలె?”

అతనితో క్యారమ్స్ ఆడటం అందరూ మానేశారు. మనం కష్టపడి గుంతలో వేసిన కాయను మర్యాదగా తీసి మధ్యలో పెట్టేవాడు. ఒకసారి కోరుట్ల మీదుగా పోయే నిజామాబాద్ బస్సులో ఒక పెద్దాయన దిగబోతూ తన సంచిని సీటు కింద నుంచి లాగి తలుపు దగ్గర పెట్టుకున్నాడు. అయాన్ దాన్ని తెచ్చి మళ్లీ సీటు కింద పెట్టాడు. పెద్దాయన కోరుట్లలో దిగాడు, సంచి నిజామాబాద్ పోయింది. దాన్ని తేవడానికి మేమిద్దరం నిజామాబాద్ పోయాం.

చివరి సంవత్సరంలో ప్రతి బృందమూ ఒక జానపద పాటకు వీడియో చేయాలన్నారు శ్రీధర్ సార్. అందరూ పొలాల మీద డ్రోన్లు ఎగరేసే పనిలో పడ్డారు. మా ముగ్గురిలో ఎవరికీ డాన్సు రాదు కనుక బొమ్మలతో స్టాప్ మోషన్ చేద్దామనుకున్నాం. బొమ్మను పిసరంత జరిపి ఒక ఫొటో, మళ్లీ పిసరంత జరిపి ఇంకో ఫొటో. అన్నీ వరసగా తిప్పితే బొమ్మ నడిచినట్టు కనిపిస్తుంది. మూడో మనిషి రుచితది సిరిసిల్ల. వాళ్ల వీధిలోని సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్డులో మిగిలిన నూలు పోగులు తెచ్చి, చుట్టి, పచ్చ చీర కట్టిన ఆడమనిషి బొమ్మను తయారుచేసింది. కోపమొస్తే బొమ్మను కూడా తిట్టే పిల్ల, కానీ బొమ్మ మాత్రం ముద్దుగా కుదిరింది.

పాట అయాన్ తెచ్చాడు. కోరుట్లలో అతని నానీ, అంటే వాళ్లమ్మ తల్లి షంషున్నీసా, బీడీలు చుడుతూ పాడుకునే పాట. పక్కింటి మొగిలవ్వతో కలిసి కూర్చుని ఆకు చుట్టీ చుట్టీ ఆమె దగ్గర నేర్చుకుందట. అయాన్ తన ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

సేతులేమో సాటల, పానమేమో గోదారి గట్టు మీద
ఆకు సుట్టే యాళ్లకు ధర్మపురి సూసొస్తి

చేతులు పని చేస్తుంటే మనసు లేచి తిరిగి రావడం, అదీ పాట. మాకు వినగానే నచ్చింది. అయాన్ ఒక్క షరతు పెట్టాడు.

“సార్‌కు ఇచ్చే ముంగట నానీకి సూపియ్యాలె. నీ పాట మీద బొమ్మ నడుస్తదని మాటిచ్చిన. రోజు ఫోన్ జేసి అడుగుతున్నది.”

“ఫోన్‌ల పంపుదాం గద,” అంది రుచిత.

“కాదు. ఇంటికే పోవాలె.”

ఎప్పుడూ నవ్వే మనిషి ఆ మాట నవ్వకుండా అన్నాడు. మేం సరేనన్నాం.

మా గదిలో బల్ల మీద ఒక చివర సీసా మూత పెట్టాం, అది పాటలోని బీడీల చాట. రెండో చివర నా నీలం లుంగీ పరిచాం, అది గోదావరి. రుచిత బొమ్మను జరిపి నా పక్కకు వచ్చి ఫోనులో చూసేది, నేను ఫొటో తీసేవాణ్ని. అయాన్ బల్ల దగ్గర నిలబడి దీపం పట్టుకున్నాడు. బొమ్మ ఎంతకీ చాట దగ్గర నుంచి కదిలినట్టు లేదని మాకు అనుమానం వచ్చింది కానీ, ఇది చాలా నెమ్మది పని అని ముందే విన్నాం కనుక ఓర్చుకున్నాం. సాయంత్రం ఫొటోలన్నీ కలిపి తిప్పి చూశాం. పచ్చచీర బొమ్మ చాట పక్కనే నిలబడి పాట పొడుగునా గజగజ వణికింది.

“గోదారి పోతలేదు. గోదారిల మునిగొచ్చి చలిజరం తెచ్చుకున్నట్టున్నది,” అంది రుచిత. తర్వాత నెమ్మదిగా అయాన్ వైపు తిరిగింది. “నువ్వేమన్న జరిపినవా?”

“నేను జరపలె. నువ్వే మాటిమాటికి జరుపుతున్నవు. పాపం సూసుకుంటలేదనుకొని నేనే మళ్ల జాగల పెట్టిన.”

రుచిత అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆమెకు ఇంకా పెళ్లి కావలసి ఉంది.

మర్నాటి నుంచి అయాన్ ఒక చేతికి దీపం, రెండో చేతికి వెలుగు మెత్తబడటానికి తెల్ల గొడుగు ఇచ్చాం. రెండు చేతులూ ఖాళీ లేకపోవడంతో బొమ్మ బయల్దేరింది. అది చాటకు దూరమైన కొద్దీ అయాన్ ముఖం వాడిపోయేది.

“గంత దూరం పంపుడు అవసరమా?” అనేవాడు.

“పాటల రాసున్నది,” అనేది రుచిత.

“కొంచెం దగ్గర్నే గోదారి పెట్టుకుందుము.”

మర్నాడు సార్‌కు ఇవ్వాలనగా, బొమ్మ గోదావరి అంచు దాకా వచ్చి ఉండగా, కరెంటు పోయింది. గాలి కోసం నేను ఫ్యాను స్విచ్ నొక్కి, తిరగకపోయేసరికి నొక్కిన సంగతే మరిచిపోయాను. కరెంటు రాగానే ఫ్యాను గిర్రున తిరిగింది. గోదావరి ఎగిరి రుచిత నెత్తిన పడింది, బొమ్మ మంచం కిందికి పోయింది. మళ్లీ మొదటి నుంచి తీసే సమయం లేదు. లుంగీ కిందనుంచి రుచిత ఏడుపు వినపడింది.

అయాన్ గొడుగు, దీపం పక్కన పెట్టాడు. లుంగీ తీసుకుని ముడత తర్వాత ముడత వేసుకుంటూ పరిచాడు. మూతను పెట్టి కొద్దిగా తిప్పాడు. బొమ్మ దుమ్ము దులిపి నిలబెట్టి, తల కాస్త ఎడమకు వంచాడు. చివరి ఫొటోతో పోల్చి చూస్తే చీర చెంగులో కూడా తేడా లేదు. ఈరోజుకీ ఆ వీడియోలో అతుకు ఎక్కడుందో నాకే తెలియదు.

“ఇదంత ఎట్ల యాదున్నది రా నీకు?”

“ఇంట్ల అలవాటు,” అన్నాడు, గొడుగు మళ్లీ పట్టుకుంటూ.

రాత్రికి వీడియో పూర్తయింది. మర్నాడు పొద్దున్నే, సార్‌కు ఇచ్చేముందే, ముగ్గురం కోరుట్ల బస్సెక్కాం. అయాన్ ఒళ్లో అట్టపెట్టె. అందులో బొమ్మ, మూత, నా లుంగీ ఉన్నాయి.

“వీడియో ఉన్నది గద, బొమ్మెందుకు?” అన్నాను.

“ఉండనీ.”

ఇంట్లోకి పోగానే నా అలవాటు కొద్దీ బ్యాగు నడవలో పడేశాను. లోపలి నుంచి నానీ టీ కప్పుల పళ్లెంతో చకచకా వస్తోంది. అయాన్ దూకినట్టు వెళ్లి నా బ్యాగు తీసి గోడవారగా పెట్టాడు. ఇక్కడ కూడా మొదలైందా అనుకున్నాను. ఆమె తిన్నగా వచ్చి, కిందికి చూడకుండానే స్టూలు మీద పళ్లెం పెట్టి, గోడ గూట్లో చేయి పెట్టి చక్కెర డబ్బా తీసింది. రుచిత ఎదురుగానే కూర్చుని ఉంది.

“బొమ్మ జేసిన బిడ్డ ఏడ కూసున్నది?” అని అడిగింది నానీ.

రుచితా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆమె వంటింట్లోకి వెళ్లాక అయాన్‌ను అడిగాను.

“ఎప్పటి సంది రా?”

“నేను బడికి పోయేటప్పటి సంది. చీజులన్ని జాగల ఉంటే నానీకి అన్ని కనవడుతయి. ఎవ్వల్ని ఏమడగది. మనం జరిపితెనే ఆమెకు కండ్లు లేనట్టు.”

ఎప్పటిలాగే చెప్పాడు, చెబుతూనే నా టీ కప్పు తీయబోయి ఆగాడు. నాకు వాడి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, వెంటనే లేచి వెళ్లి నా చెప్పులు రెండూ జతగా పెట్టి వచ్చాను.

నానీ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. అయాన్ ఆమె ముందు లుంగీ పరిచాడు, మూత పెట్టాడు, బొమ్మను ఆమె వేళ్ల కింద ఉంచాడు. ఫోనులో వీడియో పెట్టమని నాకు సైగ చేశాడు. పాట మొదలవగానే బొమ్మను తన చేత్తో పిసరంత ముందుకు జరిపాడు. అయాన్ ఒక వస్తువును ఉన్న చోటు నుంచి కదపడం నేను మొదటిసారి చూశాను. నానీ వేళ్లు బొమ్మ వెంట నడిచాయి.

“లేసిందా?”

“లేసింది నానీ. పోతున్నది.”

“చెంగు సర్దుకున్నదా?”

“సర్దుకున్నది.”

ఆమె చేయి లుంగీకి తగిలింది. “గోదారి మస్తు మెత్తగున్నది. ఎవలి లుంగి ఇది?”

“సాకేత్‌ది.”

“ఉతికినవా కొడుకా?”

నేను ఫోను సౌండు పెంచాను. నానీ ముఖమంతా నవ్వే. పాట అయ్యేదాకా బొమ్మను గోదావరి ఒడ్డున అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత దాన్ని ఎత్తి, వేళ్లతో మూతను వెతికి, పక్కన నిలబెట్టి, తల కాస్త ఎడమకు వంచింది.

“తిరిగింది సాలు. ఇగ ఆకు ఎవలు సుడుతరు?”

రుచిత నా చెవిలో “ఇంటి గుణం” అంది. అయాన్ వంగి బొమ్మను అటూ ఇటూ చూశాడు. అతనికి సర్దడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“పాట మళ్ల పెట్టున్రి,” అంది నానీ. “ఇంకోపారి పోయొస్తది.”