బాలింత కంచంలో నా చెయ్యి

ఈ ఉదయం పక్కింటి కిటికీలోంచి నూనెలో వెల్లుల్లి వేగే వాసన వచ్చింది. ఆ ఇంట్లో బాలింత ఉందని వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు మా ఉప్పుగూడ గల్లీలో తల్లిపాల గురించి పాఠాలు చెప్పింది నేనేనని మనవళ్ల దగ్గర చాలాసార్లు కోతలు కోశాను. అబద్ధం. చెప్పింది సత్తెమ్మక్క, బస్తీలో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త. నేను ఆ పాఠంలో దొరికిన దొంగను.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె ఎవరో ఒకరి వాకిట్లో బాలింతలనూ అత్తలనూ కూర్చోబెట్టి మెంతికూర పప్పు, వెల్లుల్లి కారం, నువ్వుల లడ్డూలు చేసి చూపేది. "ఇవి మంత్రాలు కావమ్మా. తల్లి కడుపునిండ తినాలె, నీళ్లు తాగాలె, బిడ్డను మాటిమాటికి రొమ్ముకు పట్టాలె. గంతే" అనేది.

మా మొదటి బిడ్డ పుట్టి నెల కావస్తున్నా ఒళ్లు చేయలేదు. పాలు చాలడం లేదు, డబ్బా పాలు తెమ్మంది మా అమ్మ. ఆ మాటకు నా భార్య లక్ష్మి గోడవైపు తిరిగి పడుకుంది. సంచి పట్టుకుని బయలుదేరుతుంటే గుమ్మంలో సత్తెమ్మక్క.

"యాడికి తమ్మీ?"

"పాల డబ్బాకు అక్కా. నీ లడ్డూలు పనిచెయ్యలే."

"గిన్నె నిండ ఇచ్చి పోయిన గద! ఎన్ని తిన్నది?"

"దినానికి సగం పెట్టిన" అంది అమ్మ. "బాలింతకు ఎక్కువ పెడ్తే అరుగదు."

అక్క గిన్నె మూత తీసింది. ఖాళీ! అక్క చూపు నా మీసం మీద ఆగింది. అక్కడొక నువ్వు గింజ ఉందట.

"ఏందయ్యా, పాలు నీకు పడాల్నా?"

గోడవైపు తిరిగిన లక్ష్మి భుజాలు కదిలాయి. నవ్వుతోంది. ప్రసవమయ్యాక అదే మొదటిసారి.

అక్క అమ్మ పక్కన కూర్చుంది. "నీ బాలింతతనంల నీకేం పెట్టిండ్రమ్మా?"

"గదే. ఎండు కారం, పిడికెడు బువ్వ. ఆకలికి ఏడ్చిన" అంది అమ్మ. లేచి వెళ్లి కోడలికి కంచం నిండా అన్నం, పప్పు పెట్టి తెచ్చింది.

నా సంచి గోడకు తగిలించి, అక్క నా చేతికి రోకలి ఇచ్చింది. "నువ్వులు దంచు. వారం చూద్దాం. పిల్ల బరువు పెరుగకుంటే నేనే దవాఖానకు తీస్కపోత."

వారానికి త్రాసు తెచ్చి తూచింది. ముల్లు పోయినసారి కంటే ముందుకు కదిలింది. ఆ శుక్రవారం నన్ను ఆడవాళ్లందరి ముందూ నిలబెట్టి, లడ్డూలు ఎవరు తిన్నారో నా నోటితోనే చెప్పించింది. నేను చెప్పిన పాఠం అదొక్కటే.

లక్ష్మి తిన్నాకే తింటానని ఈ మధ్య కొంచెం గొప్పగానే చెప్పుకుంటున్నాను. గొప్పేమీ లేదు. ఆమె కంచంలో రెండోసారి అన్నం పడేదాకా నా చెయ్యి నోటిదాకా రాదు.